విదేశం వెళ్లి కూడా బఫే టిఫినేనా?

సంపాదకుడు గారికి,

నమస్కారం. మీ యాత్రా పేజీని నేను వదలకుండా చదువుతాను. కోటలు, మ్యూజియాలు, బీచ్‌లు, వీసాలు, షాపింగ్ అన్నీ వివరంగా ఉంటాయి. అక్కడి జనం పొద్దున్నే లేచి ఏం తింటారు, ఎక్కడ తింటారు అన్నది మాత్రం కనపడటం చాలా అరుదు. టూర్ ప్యాకేజీల వాళ్లేమో 'బ్రేక్‌ఫాస్ట్ ఉచితం' అని పెద్ద అక్షరాలతో వేస్తారు, అది చూసి మనమూ సంబరపడతాం. నేను సూటిగా చెప్పేస్తాను. ఆ ఉచిత బఫే వల్లే ప్రయాణం మొత్తంలో అన్నిటికంటే మంచి గంట మన చేతిలోంచి జారిపోతోంది.

మధ్యాహ్నం, రాత్రి భోజనాల సంగతి వేరు. పర్యాటకులు ఎక్కువగా వచ్చే ఊళ్లలో చాలా రెస్టారెంట్లు మనకోసం మారిపోయాయి. ఫొటోలతో మెనూ ఉంటుంది, ఇంగ్లిష్‌లో పేర్లుంటాయి, కారం తగ్గించి పెడతారు. పొద్దున ఆరింటికి వీధి మూల బండి దగ్గర అలాంటిదేమీ ఉండదు. అక్కడికొచ్చేది డ్యూటీకి పరుగెత్తేవాళ్లు, స్కూలు పిల్లలు, మార్కెట్‌కి సరుకు దించి వచ్చినవాళ్లు. వాళ్లు రోజూ తినేదే మన ప్లేట్లోకీ వస్తుంది.

కైరోలో ఫూల్ మెదమెస్ చూడండి. ఒకరకం పెద్ద చిక్కుడు గింజల్ని మెడ సన్నగా ఉండే పెద్ద పాత్రలో పోసి రాత్రంతా సన్నని సెగ మీద ఉడకనిస్తారు. పొద్దున్నే గరిటెతో తీసి, మెదిపి, నూనె, నిమ్మరసం, జీలకర్ర పొడి కలిపి వేడి రొట్టెతో ఇస్తారు, బండి పక్కనే నిలబడి తినేయడమే. ఒకప్పుడు అక్కడి సామూహిక స్నానశాలల్లో నీళ్లు కాచే పొయ్యిల నిప్పుల మీదే ఈ పాత్రలు పెట్టేవాళ్లట. వియత్నాం రాజధాని హనోయ్‌లో ఫో అనే నూడుల్స్ సూప్ కూడా అంతే, ఎముకల్ని అనాస పువ్వు, దాల్చినచెక్కతో గంటల తరబడి మరిగిస్తేగానీ ఆ రసం తయారవదు, చాలా చోట్ల కుండ ఖాళీ అయితే ఆ పూటకి కొట్టు కట్టేసినట్టే. పది గంటలకి తీరిగ్గా వెళితే ఏం దొరుకుతుంది చెప్పండి?

నాకు ఇంకా నచ్చేవి నిన్నటి మిగులుతో చేసే టిఫిన్లు. కోస్టారికాలో, నికరాగువాలో రాత్రి మిగిలిన అన్నం, బీన్స్ గింజలు కలిపి వేయించి గాయో పింతో చేస్తారు, అది మాదంటే మాదని రెండు దేశాలవాళ్లూ వాదించుకుంటారు. మెక్సికోలో పాతబడిన టోర్టియాల్ని, అంటే పల్చటి మొక్కజొన్న రొట్టెల్ని, ముక్కలు చేసి, వేయించి, సాల్సా అనే కారపు పచ్చడిలో వేస్తే చిలాకిలెస్. ఇథియోపియాలో పులిసిన పిండితో దోసెలా వేసే ఇంజెరాని తుంచి, ఘాటైన మసాలా పులుసులో కలిపి ఫిర్‌ఫిర్ అంటారు. ట్యునీసియాలో గట్టిపడిన రొట్టె ముక్కల మీద వేడి వేడి శనగల పులుసు పోసి లబ్లబీ ఇస్తారు. ఏ దేశమైనా ఇల్లు నడిపే మనిషి తెలివంతా ఇక్కడే కనపడుతుంది, తిండి పారేయకూడదన్న పట్టుదల నుంచి ఇంత రుచి పుట్టడం నాకు ఎప్పుడూ గొప్పగా అనిపిస్తుంది. చిలాకిలెస్ లాంటిది బఫేలో పెట్టినా మూత కింద ఆవిరికి మెత్తగా నానిపోతుంది. సగం కరకర, సగం మెత్తన ఉంటేనే దాని అందం.

జమైకా వాళ్లు అకీ అనే కాయతో, ఉప్పుచేపతో చేసే టిఫిన్ అయితే ఒక చరిత్ర పాఠమే. అకీ చెట్టు పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసల ఓడల కాలంలో అక్కడికి చేరింది. తోటల్లో పనిచేసే బానిసలకు చవగ్గా పెట్టడానికి ఉత్తర అట్లాంటిక్ నుంచి ఉప్పుచేప తెచ్చేవాళ్లు. ఆ రెండూ కలిసి ఈరోజు ఆ దేశపు జాతీయ వంటకం అయ్యాయి. అకీ కాయ చెట్టు మీదే పండి తనంతట తాను విచ్చుకోవాలి, పచ్చిది విషం, కాబట్టి ఆ పని తెలిసినవాళ్లు వండిందే తినాలి.

ఇదంతా నా ఒక్కదాని పిచ్చి అనుకోకండి. 2023లో లెబనాన్ వాళ్లు జాతార్ అనే మూలికల పొడి రాసి కాల్చే మనాకీష్ రొట్టె యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేరింది. 2024లో మలేషియా ఉదయపు అల్పాహార సంస్కృతి కూడా చేరింది, నాసి లెమక్ (కొబ్బరిపాలతో వండిన అన్నం), రోటీ చనాయ్ (పరోటా లాంటి రొట్టె), తే తారిక్ (నురగ టీ) చుట్టూ మలయ్, చైనీస్, భారతీయ మూలాలవాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని తినే అలవాటునే యునెస్కో గుర్తించింది. టర్కీలో వాన్ అనే ఊరికైతే పొద్దుటి తిండి వల్లే పేరు, అడవి మూలికలు కలిపిన జున్ను, మీగడ, తేనె తినడానికే జనం అక్కడికి వెళ్తారు.

అన్ని చోట్లా బస వదిలి బయటకే పొమ్మని నేను అనను. జపాన్‌లో ర్యోకాన్ అనే సంప్రదాయ వసతిగృహంలో ఉంటే అక్కడే తినండి, అన్నం, మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్, కాల్చిన చేప, ఊరగాయలతో వాళ్లు పెట్టేదే అసలైన స్థానిక టిఫిన్.

కడుపు పాడవుతుందనే టెన్షన్ చాలామందికి ఉంటుంది, నాకు అర్థమవుతుంది. కళ్లముందే పొగలు కక్కుతూ మరిగేది, జనం గుంపుగా తింటున్నది మామూలుగా ఇబ్బంది పెట్టదు, ముందే కోసిపెట్టిన పళ్లు, ఐసు వేసిన నీళ్ల దగ్గరే జాగ్రత్త. శాకాహారులు మాత్రం అడిగి తినాలి. మిసో సూప్‌లో సాధారణంగా చేప రసం ఉంటుంది, నాసి లెమక్‌తో ఇచ్చే సంబల్ అనే మిరప పచ్చడిలో రొయ్యల ముద్ద కలుపుతారు, చూడ్డానికి మాత్రం తెలీదు. ఏం తినరో ఆ దేశపు భాషలో ఒక కాగితం మీద రాయించుకుని చూపిస్తే సరిపోతుంది. ఈజిప్టు, లెబనాన్, టర్కీలలో అయితే శాకాహారులకి పెద్దగా ఇబ్బందే ఉండదు.

అందుకే నా విన్నపం. ఏ ఊరి గురించి రాసినా అక్కడ పొద్దున ఏం తింటారు, ఎన్ని గంటలకల్లా అయిపోతుంది, శాకాహారులకి పనికొస్తుందా అని ఒక చిన్న పెట్టెలో వేయండి. కాలం కూడా రాయండి. రంజాన్ నెలలో కైరో వెళ్లేవాళ్లకి పగలు ఫూల్ బళ్లు చాలావరకు కనపడవు, తెల్లవారకముందే సహూర్ (ఉపవాసానికి ముందు తినే భోజనం) వేళకి లేచి వెళితే దొరుకుతుంది. ఆ సంగతి విమానం ఎక్కకముందే మీ పేజీలో చదివి ఉంటే వాళ్లు అలారం పెట్టుకుంటారు.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు