నీళ్లు తాగని పిల్లవాడి తల్లి నుంచి నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి నమస్కరించి రాస్తున్నది.

మా అబ్బాయికి ఎనిమిదేళ్లు. నెల్లూరు టౌన్‌లో ఒక కతోలిక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి చదువుతున్నాడు. జూలై నుంచి వాడి వాటర్ బాటిల్ పొద్దున నేను ఎట్లా నింపి పంపితే సాయంత్రం అట్లాగే తిరిగొస్తోంది. మొదట్లో ఆటలో పడి మర్చిపోతున్నాడనుకున్నాను. రెండు మూడుసార్లు కోప్పడ్డాను కూడా. సెప్టెంబరులో జ్వరం తగిలింది. ఒంటికి పోసేటప్పుడు మంటగా ఉందని ఏడిస్తే డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నారు. "నీళ్లు తాగడం లేదా నాయనా?" అని ఆయన అడిగితే వాడు నా మొహం చూసి, తల దించుకుని, "తాగితే ఒంటికి వస్తుంది" అన్నాడు.

ఆ రాత్రి కూడా వాడు నాకు చెప్పలేదు. పక్కన పడుకున్న జేజికి చెప్పాడు. బడిలో ఒంటికి పోవాలంటే పిల్లలు చిటికెన వేలు చూపిస్తారు. జూలైలో ఒకరోజు మూడో పీరియడ్‌లో వీడు అట్లా వేలు చూపించాడట. టీచరు చూసి కూడా పంపలేదు. మళ్లీ లేచి అడిగితే చెక్క స్కేలు తీసుకుని ఆ వేళ్ల మీదే కొట్టింది. ఇంకాసేపటికి నిక్కరు తడిసిపోయింది. ఆ తడి నిక్కరుతోనే వాణ్ని బోర్డు పక్కన, క్లాసంతా చూసేటట్టు నిలబెట్టి, మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టేదాకా కదలనివ్వలేదు. "మూడో తరగతికొచ్చినా వీడికి ఇంకా ఉయ్యాల కావాల" అన్నదట. పిలకాయలందరూ నవ్వారు. ఆ రోజు వాడికి ఒక పేరు పెట్టారు. ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తున్నారు. ఆ పేరు నేనిక్కడ రాయను.

ఇంకోసారి అట్లా జరక్కుండా వాడు తనకు చేతనైన ఉపాయం చేసుకున్నాడు. నీళ్లు మానేశాడు. నెల్లూరు ఎండలు మీకు కొత్త కాదు. రోహిణి కార్తె పోయాక కూడా పడమటి గాలికి ఇక్కడ నాలుక పిడచగట్టుకుపోతుంది. ఎండాకాలంలో పిల్లలు మరవకుండా నీళ్లు తాగాలని సర్కారు బడుల్లో వాటర్ బెల్ కొట్టిస్తున్నది కూడా ప్రభుత్వమే. అదే ఊళ్లో ఒక బిడ్డ నీళ్ల సీసా మూత తియ్యడానికి భయపడుతున్నాడు.

పిల్లవాడి మాట ఒక్కటే పట్టుకుని ఈ లేఖ రాయడం లేదు. అదే క్లాసులో చదివే ముగ్గురు పిల్లల తల్లులను విడివిడిగా అడిగాను. ముగ్గురి పిల్లలూ అదే చెప్పారు. బడిలో పనిచేసే ఒకరు కూడా అవునన్నారు. వాళ్లెవరో ఎక్కడా రాయను, ఎవరు అడిగినా చెప్పను, వాళ్ల బతుకుతెరువు ఆ బడే. స్కేలు దెబ్బలు ఆ క్లాసులో రోజూ ఉన్నవేనట. మోకాళ్ల మీద కూర్చోబెట్టడం, ఫీజు బాకీ ఉన్న పిల్లల పేర్లు అందరి ముందు చదవడం, సాయంత్రం తన దగ్గర ట్యూషన్‌కు వచ్చే పిల్లల జోలికి మాత్రం పోకపోవడం, ఇవీ ఉన్నాయి. వీటి గురించి విడిగా ఇచ్చే అర్జీలో వివరంగా రాస్తాను.

అయ్యా, మేము ఆ బడికి పరాయివాళ్లం కాదు. మేమూ కతోలికులమే. ఆదివారం దివ్యబలి పూజకు పోయే కుటుంబం మాది. మా నాన్న కోవూరు పక్క పల్లెలో కూలి ఇంట పుట్టాడు. ఊళ్లో ఆర్‌సీఎం (రోమన్ కతోలిక మిషన్) బడి లేకపోతే ఆయన పలక పట్టేవాడు కాదు. 1928లో నెల్లూరు మేత్రాసనం (బిషప్ గారి కింద ఉండే ప్రాంతం) ఏర్పడకముందు నుంచే ఈ ప్రాంతంలో మిషన్ బడులు ఉన్నాయి. వేరే చోట గడప తొక్కనివ్వని ఇళ్ల పిల్లలను వాటిలో చాప మీద వరసగా కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించారు. ఆ రుణం మా ఇంట్లో ఎవరూ మరిచిపోలేదు. నేను కూడా సిస్టర్ల దగ్గరే చదివాను. ఒకటో తరగతిలో నేను క్లాసులోనే వాంతి చేసుకుంటే, ఒక ముసలి సిస్టర్ వచ్చి తన చేతుల్తో నా మొహం కడిగి, నా గౌను మార్చి, మఠంలో మంచం మీద పడుకోబెట్టింది. ఆమె గొంతు కూడా నాకు గుర్తుంది. మా అబ్బాయిని చేర్చేటప్పుడు ఇంటి ముందుకు బస్సు పంపే పెద్ద స్కూళ్ల వాళ్లు మా వీధికి ఎంతోమంది వచ్చారు. ఆ సిస్టర్‌ను తలుచుకునే నేను ఈ బడికి పోయాను. అందుకే ఈ దెబ్బ నాకు రెండింతలు తగిలింది.

డాక్టరు చీటీ తీసుకుని నేనూ మా ఆయనా బడికి పోయాం. ఆఫీసు గదిలో హెచ్ఎం సిస్టర్ కుర్చీ వెనక ప్రభువు పిల్లలను దగ్గరికి తీసుకున్న పటం ఉంది. ఆ పటం కింద కూర్చునే మాట్లాడుకున్నాం. సిస్టర్ మొదట ఓపిగ్గా విన్నారు. టీచర్ని పిలిపించారు. "ఒకడికి పర్మిషన్ ఇస్తే ఇరవై మంది లేస్తారు సిస్టర్" అన్నది ఆ టీచరు. కొట్టలేదని మాత్రం అనలేదు. సిస్టర్ నాతో, "ఈ జీతాలకు టీచర్లు దొరకడం లేదమ్మా, మీరు కొంచెం సర్దుకోండి" అన్నారు. నేను సర్దుకోలేనని అంటే, "అయితే టీసీ తీసుకోండి, మేమేమీ అభ్యంతరం పెట్టం" అన్నారు. తప్పు చేసింది మా పిల్లవాడైనట్టు బయటికి దారి చూపించారు.

ఆ టీచరు గురించి కూడా న్యాయంగా చెప్పాలి. పాతికేళ్లు నిండి ఉండవు. మా వాడి సెక్షన్‌లో యాభైమందికి పైగా పిల్లలున్నారు. పొద్దున్నుంచి గొంతు చించుకుని, ఇంటికి పోయి యాభై నోట్‌బుక్కులు దిద్దుకోవాలి. ఆమెకు చదువు చెప్పినవాళ్లు కూడా స్కేలుతోనే చెప్పి ఉంటారు. ప్రాథమిక తరగతుల్లో 30 మందికి ఒక టీచరు ఉండాలని విద్యాహక్కు చట్టం అనుబంధంలో రాసింది పిల్లల కోసమే కాదు, ఇట్లాంటి టీచర్ల కోసం కూడాననుకుంటాను. ఆమె ఉద్యోగం తీసెయ్యమని నేను అడగడం లేదు. ఆమె చేతిలోంచి ఆ స్కేలు తీసెయ్యమంటున్నాను. ఆమె మీద అంతమంది పిల్లలను వదిలేసి, జరిగింది తెలిశాక కూడా తల్లికి టీసీ చూపించిన యాజమాన్యం బాధ్యత ఆమె బాధ్యత కన్నా పెద్దది.

మేము మాట్లాడి వచ్చిన మర్నాడు మా వాణ్ని చివరి బెంచీకి మార్చారు. లెక్క తప్పితే, "పో, మీ అమ్మతో చెప్పుకో" అంటున్నదట. వాడు ఇంటికొచ్చి, "అమ్మా, ఇంక బడికి రావద్దు, ఏమీ అడగొద్దు" అని నా చెయ్యి పట్టుకున్నాడు. ఈ జిల్లాలో తల్లిదండ్రులు ఎందుకు నోరెత్తరో ఆ ఒక్క మాటలో నాకు తెలిసింది. మనం అడిగితే దెబ్బ పడేది పిల్లవాడి మీద. క్లాసు వాట్సాప్ గ్రూపులో నేను ఈ సంగతి పెట్టినప్పుడు ఒక్కరూ జవాబు రాయలేదు. రాత్రి పదకొండు దాటాక నాకు విడిగా ఏడు మెసేజ్‌లు వచ్చాయి. అందరిదీ ఇంచుమించు ఒకటే కథ. అందరూ చివర్లో రాసింది, నా పేరు చెప్పొద్దక్కా అని.

ఆ తర్వాత విద్యాశాఖకు చెందిన ఒక కార్యాలయానికి పోయాను. అక్కడ నా కాగితం తీసుకోలేదు. "అది మైనారిటీ స్కూలమ్మా, విద్యాహక్కు చట్టం వాళ్లకు వర్తించదు, మేము చెయ్యగలిగింది లేదు" అన్నారు. నాకు చట్టాలు తెలియవు. బంధువుల్లో ఒక అడ్వొకేట్ ఉంటే ఆయన దగ్గర నాలుగు సాయంత్రాలు కూర్చుని తెలుసుకున్నాను. తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాను.

వాళ్లు చెప్పిన దాంట్లో సగం నిజముంది. విద్యాహక్కు చట్టం, 2009లో 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు తమ విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది కాబట్టి ఆ చట్టం మైనారిటీ బడులకు వర్తించదని 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అక్కడిదాకా సరే. కానీ అదే సుప్రీంకోర్టు 1958లోనే, కేరళ విద్యా బిల్లు వ్యవహారంలో, సంస్థను నిర్వహించుకునే హక్కులో దాన్ని చెడుగా నిర్వహించే హక్కు కలిసి లేదని స్పష్టం చేసింది. 30వ అధికరణం మా సమాజానికి రక్షణ. ఒక కతోలిక తల్లిగా ఆ రక్షణ నాకూ కావాలి, దాన్ని ఎవరు తగ్గించినా ఒప్పుకోను. అయితే అది పిల్లవాణ్ని కొట్టే చేతికి అడ్డుపెట్టే గొడుగు కాదు. ఆ బడిలో కూర్చున్న మైనారిటీ పిల్లవాడు కూడా మా వాడే కదా.

ఇక మిగతా సగం. మన రాష్ట్రంలో బడుల్లో శారీరక శిక్షలను నిషేధించింది విద్యాహక్కు చట్టం రాకముందే. విద్యా నిబంధనల్లో 122వ నిబంధనను సవరిస్తూ 2002 ఫిబ్రవరి 18న జీవో ఎంఎస్ నంబర్ 16 ఇచ్చారు. అన్ని విద్యాసంస్థల్లోనూ నిషేధం అన్నారు. మా వాడు పుట్టకముందే, బహుశా ఆ టీచరు పలక పట్టేనాటికే ఆ జీవో ఉంది. బాలల న్యాయ చట్టం, 2015 కూడా ఉంది. దాని 75వ సెక్షన్ ప్రకారం, బిడ్డ ఎవరి అధీనంలో ఉంటే వాళ్లే కొట్టినా, హింసించినా, శరీరానికో మనసుకో అనవసరమైన బాధ కలిగేటట్టు చేసినా మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. ఆ చట్టంలో మైనారిటీ బడి, మెజారిటీ బడి అని తేడా లేదు, బిడ్డ అనే మాటే ఉంది. పైగా ఈ బడికి గుర్తింపు ఇచ్చేది ప్రభుత్వమే. గుర్తింపు కాగితం మీద సంతకం పెట్టడానికి చేరే చెయ్యి, ఒక తల్లి అర్జీ అందుకోవడానికి ఎందుకు చేరదు?

మిగతా బడుల పిల్లల విషయంలో ఫిర్యాదు అందిన మూడు నెలల్లో తేల్చాలని విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ గడువు పెట్టింది. మా పిల్లలకు ఆ గడువు లేదంటున్నారు. సరే, చట్టం పెట్టకపోతే మీరు పెట్టండి. జిల్లా మెజిస్ట్రేటుగా మీకు ఆ అధికారం ఉందనే నేను నమ్ముతున్నాను. ఏ యాజమాన్యం బడి మీద వచ్చిన ఫిర్యాదునైనా విద్యాశాఖ కార్యాలయాల్లో తీసుకుని తేదీ వేసి రసీదు ఇవ్వాలని, అదే వారంలో జిల్లా బాలల సంరక్షణ విభాగానికీ బాలల సంక్షేమ సమితికీ పంపాలని ఒక ఉత్తర్వు ఇవ్వండి. ఫిర్యాదు చేసిన పిల్లవాడికి టీసీ చూపించినా, క్లాసులో ఎత్తిపొడిచినా అది ఇంకో నేరంగా చూడాలని అందులోనే రాయించండి. 2002 నాటి ఆ జీవోలోని మాటలను తెలుగులో, ఆటో దిగిన తల్లికి కనిపించేటంత పెద్ద అక్షరాల్లో, పక్కన 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరుతో ప్రతి బడి గేటు దగ్గర రాయించండి. ఒంటికి పోవాలని అడిగిన బిడ్డను ఏ పీరియడ్‌లో అయినా పంపాలని కూడా రాయించండి. ఇంత చిన్న సంగతి కలెక్టరు చెప్పాలా అని మీకు అనిపించవచ్చు. మా ఇంట్లో అది చిన్న సంగతి కాదు.

ఈ లేఖ ప్రతి ఒకటి మా మేత్రాణుల వారికి, అంటే బిషప్ గారికి కూడా పంపుతున్నాను. తన మేత్రాసనంలోని కతోలిక బడులను పర్యవేక్షించే హక్కు తిరుసభ చట్టం, అంటే మా కతోలిక సంఘం చట్టం, పీఠాధిపతి అయిన బిషప్ గారికి ఇచ్చింది. సిస్టర్లనూ టీచర్లనూ కూర్చోబెట్టి, చెయ్యి ఎత్తకుండా యాభైమందిని ఎట్లా నడపాలో నేర్పించడం ఆయన తలుచుకుంటే జరుగుతుంది. మా చర్చి విచారణ ఫాదర్ గారికి ముందే చెప్పాను. ఆయన వద్దనలేదు.

ఇందులో నా పేరు, బడి పేరు రాయలేదు. మా వాడు రేపు కూడా ఆ క్లాసులోనే కూర్చోవాలి. అర్జీలో అన్నీ ఉంటాయి. డాక్టరు చీటీ జతచేశాను. ఈ సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికకు నేనే పట్టుకుని వస్తాను. వాణ్ని ఆ రోజు బడి మాన్పించి వెంట తీసుకురావాలా, జేజి దగ్గర వదిలి రావాలా అని ఇంకా ఆలోచిస్తున్నాను. మీ ముందు నిలబడి ఆ సంగతి మళ్లీ చెప్పమంటే వాడు చెప్పలేడు.

నాకు రసీదు ఇప్పించండి.

ఇట్లు,
మూడో తరగతి పిల్లవాడి తల్లి,
నెల్లూరు