జీఎన్ఎక్స్ ఎంతకు పోతుందని అడిగావు కదా

అమ్ములూ,

నువ్వు పంపిన ఎక్సెల్ షీటు చూశాను. మీ ఫ్రెండు వాళ్ల తాతగారి జీఎన్ఎక్స్ కారు అరిజోనాలోని స్కాట్స్‌డేల్ వేలంలో 1,87,400 డాలర్లకు పోతుందని తేల్చేశావు, పైగా కింద ఎర్ర రంగులో 'ఫైనల్' అని కూడా రాశావు. కోపం తెచ్చుకోకు గానీ నవ్వొచ్చింది. లెక్క శ్రద్ధగానే కట్టావు, కాదనను. కానీ ఇలాంటి కారుకు వందల డాలర్ల దాకా తేల్చి చెప్పగలిగిన వాళ్లు ఎవరూ లేరు, ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నవాళ్లు కూడా ఇంత నుంచి ఇంత దాకా అనే అంటారు. ఫోన్లో చెబుదామంటే ఎప్పుడు చేసినా మీటింగ్‌లో ఉన్నానంటావు, అందుకే ఇంత పొడుగు ఉత్తరం. కారు అమ్మబోతున్న వాళ్లింటి పెద్దావిడ నీ అంకె మీద ఆశ పెట్టుకోకముందే ఇది చదువు.

ముందు కారు సంగతి. 1987 బ్యూయిక్ జీఎన్ఎక్స్, మొత్తం తయారైనవి 547, అన్నీ నలుపే. బ్యూయిక్ రీగల్ కారులోనే టర్బో రకమైన గ్రాండ్ నేషనల్ కార్లను ఇక్కడ మిషిగన్‌లోనే పాంటియాక్ ప్లాంటులో కట్టి, వాటిని ఏఎస్‌సీ మెక్‌లారెన్ వాళ్ల చేతిలో పెట్టి టర్బో, వెనక సస్పెన్షన్, చక్రాలు, మీటర్లు మార్పించారు. 3.8 లీటర్ల వీ6 ఇంజను, కంపెనీ కాగితం మీద 276 హార్స్‌పవర్, నిజానికి అంతకంటే ఎక్కువేనని అప్పటి నుంచీ అందరూ అనే మాటే. అదే ఏడాది కార్వెట్‌కు 240. రిటైరైన వాళ్లు కొనుక్కునే బ్రాండని పేరుపడ్డ బ్యూయిక్ వచ్చి సొంత కంపెనీ జనరల్ మోటార్స్ స్పోర్ట్స్ కారునే వెనక్కి నెట్టింది, ఆ గొప్పంతా అక్కడే ఉంది. ఎనిమిది సిలిండర్లు లేనిది మజిల్ కారే (పెద్ద ఇంజనుతో దూసుకుపోయే అమెరికన్ కారు) కాదని పట్టుపట్టే పెద్దమనుషులు ఆగస్టులో డెట్రాయిట్ దగ్గర పాత కార్ల ఊరేగింపు వుడ్‌వర్డ్ క్రూజ్‌కు వెళ్తే ఇప్పటికీ తగులుతారు, నేను నవ్వి ఊరుకుంటాను. వేలం కేటలాగ్‌లో మాత్రం దాన్ని మజిల్ కార్ల వరసలోనే పెడతారు.

ఇక నీ షీటు. 312 మైళ్లే తిరిగింది కాబట్టి చాలా అరుదు అని దానికి బాగా వెయిటేజ్ ఇచ్చావు. జీఎన్ఎక్స్ దగ్గర ఆ లెక్క కుదరదు. ఇది కొత్తగా వచ్చినప్పుడే ముందుముందు విలువ పెరుగుతుందని అందరికీ తెలుసు, దాదాపు 30 వేల డాలర్లు పోసి కొని, షోరూం నుంచి తిన్నగా షెడ్డులోకి తోసి గుడ్డ కప్పినవాళ్లు బోలెడుమంది. అందుకే వెయ్యి మైళ్లు కూడా తిరగని జీఎన్ఎక్స్‌లు ఇప్పటికీ వేలాలకు వస్తూనే ఉంటాయి. దీని పక్కన 1969 షెవర్లే కమారో జెడ్ఎల్1 పెట్టి చూడు. అవి 69 మాత్రమే కట్టారు, 427 క్యూబిక్ అంగుళాల అల్యూమినియం ఇంజనుతో. ఇల్లినాయిలో లా హార్ప్ అనే చిన్న ఊళ్లో ఫ్రెడ్ గిబ్ అనే డీలరు ఒక్కడే 50 ఆర్డరు పెట్టాడు, తీరా చూస్తే ఒక్కోటి 7,200 డాలర్ల దాకా తేలింది, ఆ రోజుల్లో అంత ఎవడు పెడతాడు, చాలావాటిని కంపెనీకే తిప్పి పంపాల్సి వచ్చింది. అమ్ముడైనవేమో డ్రాగ్ రేసులకు వెళ్లి ఇంజన్లు పగలగొట్టుకున్నాయి. అలాంటి కారు 300 మైళ్లతో బయటపడితే జనం ఎగబడతారు. కాబట్టి ఎన్ని తయారయ్యాయన్న కాలమ్ పక్కన, ఈ స్థితిలో ఎన్ని మిగిలాయి, గత రెండు మూడేళ్లలో అందులో ఎన్ని అమ్మకానికి వచ్చాయి అని ఇంకో రెండు కాలమ్స్ పెట్టు. ధర కదిలేది ఎక్కువగా వాటివల్లే.

మైళ్లకూ ధరకూ మధ్య సరళరేఖ గీశావు, అది కూడా మార్చు. 40 వేల మైళ్ల కారుకూ 41 వేల మైళ్ల కారుకూ కొనేవాడికి తేడా ఏమీ ఉండదు, 50 మైళ్లకూ 1,050 మైళ్లకూ మధ్య మాత్రం చాలా డబ్బుంది. మైళ్లకు లాగ్ (లాగరిథమ్) వేసి చూస్తే కొంత నయం. అయినా మరీ తక్కువ మైళ్ల దగ్గర ఏ గీతా సరిగ్గా కూర్చోదు, ఎందుకంటే అక్కడ కొనేవాడే మారిపోతాడు. 20 వేల మైళ్ల జీఎన్ఎక్స్ కొన్నవాడు ఆదివారం పూట బయటికి తీస్తాడు, భార్యను ఎక్కించుకుని ఐస్‌క్రీముకు వెళ్తాడు. 312 మైళ్లది కొన్నవాడికి నడిపిన ప్రతి మైలూ సొంత జేబుకు చిల్లే. నడపకుండా ఉంచుకోవడానికి కారు కొనేవాళ్లు దేశం మొత్తం మీద ఎంతమంది ఉంటారు, వాళ్లలో ఇప్పటికే ఒకటి కొనేసినవాళ్లు ఎందరు? అలా తీసేస్తూ పోతే గదిలో నిజంగా చెయ్యెత్తేది ముగ్గురో నలుగురో. వేలంలో ధరను ఆపేది రెండోవాడు, గెలిచినవాడు కాదు. రెండోవాడు ఎక్కడ చాలించుకుంటే మొదటివాడికి దానికి ఒక మెట్టు పైన దొరుకుతుంది. ఆ రెండోవాడికి ఆ రోజు ఫ్లైటు లేటయిందనుకో, 30 వేల డాలర్లు ఎగిరిపోతాయి, నీ మోడల్‌లో దానికి ఏ కాలమ్ ఉంది చెప్పు?

వేలం అంటే మన ఇంట్లో బాలాపూర్ లడ్డూయే కదా గుర్తొచ్చేది. 1994లో 450 రూపాయలకు మొదలైన పాట 2024లో 30 లక్షలు దాటింది, పోయినేడు ఎంతకు పోయిందో ఈ ఏడు పాట అంతకు తగ్గదు, అక్కడ ఊరి ముందు పరువు ఉంది, దేవుడి మీద నమ్మకం ఉంది. నువ్వు కార్లను కూడా అలాగే చూశావు, పాత ధరల మీద ఏడాదికి ఇంత శాతం అని కలుపుకుంటూ పోయావు. కార్లకు అలాంటి మెట్టు ఉండదు. 2005 నుంచి 2007 దాకా మజిల్ కార్ల ధరలు ఆకాశానికెళ్లాయి, 2008 మాంద్యం రాగానే దబ్బున పడ్డాయి, ఇళ్ల మీద అప్పు తెచ్చి కార్లు కొన్నవాళ్లు వచ్చిన కాడికి అమ్ముకున్నారు. పెద్ద కార్ల సంగతీ అంతే, 1971 ప్లిమత్ హెమీ 'కుడా' కన్వర్టిబుల్ ఒకటి 2014లో సియాటిల్‌లో మీకమ్ వేలంలో 35 లక్షల డాలర్లకు పోయింది. 2021లో ఇండియానాపొలిస్‌లో ఇంకొకటి 48 లక్షల దాకా వెళ్లి కూడా అమ్ముడుపోలేదు, యజమాని పెట్టుకున్న రిజర్వ్, అంటే ఇంతకు తగ్గితే అమ్మననే ధర, అంతకంటే పైన ఉంది. ఆ 48 లక్షలను ధర అందామా? నువ్వు అన్నావు, అలాంటి అమ్ముడుపోని బిడ్లను కూడా నీ షీటులో అమ్మకాలతో కలిపేశావు. రిజర్వ్ దాకా వేలం వేసేవాళ్లే అమ్మేవాడి తరఫున పాట పెంచుకుంటూ పోయే పద్ధతి చాలాచోట్ల ఉంది, కాబట్టి ఆ చివరి బిడ్ వెనక నిజంగా డబ్బున్న మనిషి ఉన్నాడని బయటివాళ్లకు తెలియదు. వాటిని విడిగా పెట్టుకో, అమ్మకాల్లో కలపకు.

అమ్ముడైన వాటిలో కూడా రెండు రకాల అంకెలు కలిసిపోయాయి చూడు. 2014 జనవరిలో స్కాట్స్‌డేల్‌లో 1967 కార్వెట్ ఎల్88 ఒకటి అమ్మారు, పేపర్లో వచ్చింది 38.5 లక్షల డాలర్లు. సుత్తి పడింది 35 లక్షల దగ్గర, మిగతాది కొన్నవాడు వేలం కంపెనీకి కట్టిన పది శాతం ప్రీమియం. ఆన్‌లైన్ వేలాల్లో అదే 5 శాతం దగ్గర ఉంటుంది, దానికీ పైన ఒక హద్దు పెడతారు. నువ్వు కొన్ని కార్లకు ప్రీమియంతో, కొన్నింటికి లేకుండా వేశావు, అక్కడే పది శాతం తప్పు దొర్లింది. ఆ పెద్దావిడకు కావాల్సింది చేతికి ఎంత వస్తుందో తెలియడం. అంటే సుత్తి ధరలోంచి అమ్మేవాళ్ల కమిషన్, కప్పేసిన ట్రక్కులో తీసుకెళ్లే ఖర్చు, ఎంట్రీ ఫీజు తీసేసి చెప్పాలి.

ఇప్పుడు అసలు విషయం, 312 మైళ్లు అని నమ్మేదెలా? ఇంత పాత కారుకు అమ్మేటప్పుడు మైలేజీ రాసివ్వాలన్న ఫెడరల్ రూలు వర్తించదు, టైటిల్ (కారు ఎవరిదో చెప్పే కాగితం) మీద మినహాయింపు అని రాసి ఊరుకుంటారు. అంటే ఓడోమీటర్ మీద ఉన్న అంకె ఒక్కటే దేనికీ రుజువు కాదు. రుజువంటే పాత ఇన్సూరెన్స్ కాగితాలు, ఆయిలు మార్చిన బిల్లులు, ఫీనిక్స్‌లో ఎమిషన్ టెస్టు చేయించి ఉంటే ఆ కాగితం, తేదీతో పాటు రీడింగ్ ఉన్నది ఏదైనా సరే. తర్వాత టైర్లు. జీఎన్ఎక్స్‌తో గుడ్‌ఇయర్ 'గేటర్‌బ్యాక్' టైర్లు వచ్చాయి. పక్కన డాట్ అని మొదలయ్యే కోడ్ ఉంటుంది, దాని చివర మూడంకెలు 207 లాగా ఉంటే 20వ వారం, 7తో ముగిసే ఏడాది, అంటే 1987. నాలుగు టైర్లూ ఒకే కాలానివైతే ఆ 312కు బలం వస్తుంది. నాలుగంకెల కోడ్ ఉందంటే 2000 తర్వాత మార్చిన టైర్లు, అప్పుడు ఎందుకు మార్చారో చెప్పాల్సి వస్తుంది.

అసలది జీఎన్ఎక్సేనా అన్నది కూడా చూడాలి. మామూలు గ్రాండ్ నేషనల్‌కు ఫెండర్లు, చక్రాలు తగిలించి జీఎన్ఎక్స్‌లా తయారుచేసినవి ఉన్నాయి. విన్ నంబరులో (ప్రతి కారుకూ ఉండే గుర్తింపు నంబరు) ఎనిమిదో స్థానంలో 7 టర్బో ఇంజనుకు, పదో స్థానంలో హెచ్ 1987కు, పదకొండో స్థానంలో పీ పాంటియాక్ ప్లాంటుకు, కానీ ఇవన్నీ మామూలు గ్రాండ్ నేషనల్‌కు కూడా ఉంటాయి, అందుకని వాటితో పని పూర్తికాదు. డ్యాష్‌బోర్డు మీద వరస నంబరున్న ప్లేటు, షోరూంలో ఉన్నప్పుడు కారు అద్దానికి అంటించిన స్టిక్కరు, కొన్నప్పటి ఇన్వాయిసు, కంపెనీవాళ్లు ఓనర్లకిచ్చిన పుస్తకం, జాకెట్ ఇవన్నీ వెతికించు. తాతగారు ఎక్కడో ఒక డబ్బాలో దాచే ఉంటారు, ఆ తరం వాళ్లు బిల్లు పారేయరు. ఆ డబ్బా దొరికితే నీ షీటులో ఏ కాలమ్ మార్చినా రానంత తేడా వస్తుంది.

నిలబెట్టిన కారుకు నడిపిన కారుకంటే వేరే జబ్బులు. పెట్రోలు ట్యాంకులో జిగురైపోతుంది, సీళ్లు ఎండి నూనె కారుతుంది, ఎలకలు వైర్లు కొరుకుతాయి. ఈ రీగల్ కార్లకు బంపరుకీ బాడీకీ మధ్యనున్న ప్లాస్టిక్ ముక్కలు వాటంతటవే పగులుతాయి, అరిజోనా ఎండకైతే చెప్పక్కర్లేదు, మంచి సంగతల్లా తుప్పు పట్టదు. ఇవన్నీ బాగుచేయించాలా అని అడుగుతావు. ఇంత తక్కువ మైళ్ల కారులో పగిలిన అసలు ముక్కకున్న విలువ మెరిసే కొత్త ముక్కకు ఉండదు. మీ ఫ్రెండుకు గట్టిగా చెప్పు: కడగొద్దు, పాలిష్ పెట్టించొద్దు, కొత్త టైర్లు వేయించి పాతవి పారేయొద్దు, ముఖ్యంగా రీల్స్ కోసం స్టార్ట్ చేసి వీధి చివరిదాకా తీసుకెళ్లొద్దు. పాత పెట్రోలుతో స్టార్ట్ చేస్తే ఇంజెక్టర్లు పోతాయి.

ఇంకొకటి, కొనేవాళ్ల వయసు. 1987లో ఈ కారు పోస్టరు గోడకు అంటించుకున్న పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఇప్పుడు యాభై దాటింది, ఇల్లు కట్టేశాడు, పిల్లల కాలేజీ అయిపోయింది, చేతిలో డబ్బుంది. అందుకే జీఎన్ఎక్స్‌కు ఇది మంచి కాలమని నా అభిప్రాయం. అరవైల నాటి కార్లను ఇష్టపడే తరం ఇప్పుడు కొనడంకంటే అమ్ముకోవడమే ఎక్కువ చేస్తోంది. మీ వయసు వాళ్లను అడిగితే జపాన్ కార్లు సుప్రా అంటారు, స్కైలైన్ అంటారు, జీఎన్ఎక్స్ అంటే కంప్యూటర్ పార్టా అని అడుగుతారు. ఇంకో పదిహేనేళ్లు ఆగితే ఇంకా పెరుగుతుందని ఆ పెద్దావిడకు ఎవరైనా చెబుతుంటే నేనైతే నమ్మను.

వేలం రోజు కూడా చూసుకోవాలి. జనవరిలో స్కాట్స్‌డేల్, ఫ్లోరిడాలో కిసిమ్మీ వేలాలు కొద్ది రోజుల తేడాతో జరుగుతాయి, రెండుచోట్లా ఇలాంటి కార్లు వస్తాయి. అదే కేటలాగ్‌లో ఇంకో తక్కువ మైళ్ల జీఎన్ఎక్స్ ఉంటే ఆ ముగ్గురు నలుగురూ రెండు కార్ల మధ్య చీలిపోతారు. స్కాట్స్‌డేల్‌లో చాలా కార్లు రిజర్వ్ లేకుండానే పోతాయి, ఆ రోజు గది చప్పగా ఉన్నా ఇచ్చేయాల్సిందే. ఆన్‌లైన్‌లో అయితే ఆఖరి నిమిషంలో బిడ్ పడితే రెండు నిమిషాలు పొడిగిస్తారు, కాగితాలన్నీ ఫోటోలు తీసి పెట్టొచ్చు, చూసేవాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబులు చెప్పొచ్చు. కాగితాలు గట్టిగా ఉన్న కారుకు నేనైతే ఆన్‌లైనే మేలంటాను. అమ్మను అడిగితే తాతగారి కారును కంప్యూటర్లో పెట్టి అమ్మడమేంటి అంటోంది.

నా అంచనా చెబుతాను, రాసుకో. కాగితాలు లేకుండా, టైర్లు మార్చేసి ఉంటే సుత్తి ధర 1,20,000 నుంచి 1,50,000 డాలర్లు. కాగితాలు, అసలు టైర్లు, స్టిక్కరు అన్నీ ఉంటే 1,60,000 నుంచి 2,10,000. ఆ పైన పోవడానికి పంతమున్న మనుషులు ఇద్దరు ఒకే గదిలో పడాలి, దాన్ని లెక్కలోకి తీసుకోకు. ఆవిడకు చెప్పేటప్పుడు కింది అంకె ముందు చెప్పు.

టైర్ల కోడ్లు నాలుగూ, స్టెప్నీది కూడా, డ్యాష్‌బోర్డు ప్లేటు, విన్ నంబరు, టైటిల్, వీటి ఫోటోలు ఆదివారం లోపు పంపు, ఫ్లాష్ లేకుండా పగటి వెలుతురులో తియ్యి. స్కాట్స్‌డేల్‌కు ఇచ్చే ఉద్దేశముంటే ఎంట్రీ గడువు ఎప్పుడో వాళ్లను ఇప్పుడే కనుక్కోమను, శనివారం సాయంత్రం స్లాట్లు ముందే అయిపోతాయి.

మీ నాన్న