ఆ పాప చేసిన ఫోను

సంపాదకులు గారికి నమస్కారం.

నేను అనంతపురంలో జాకెట్లు, చుడీదార్లు కుట్టుకుని బతికేదాన్ని. మా ఆయన బేల్దారి పనికి పోతాడు. ఇంటర్ ఫలితాల రోజులు దగ్గరపడుతున్నాయి కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇందులో మా పాప సంగతి ఉంది గానీ, నేను రాయాలనుకున్నది ముఖ్యంగా మా పాప రూమ్మేట్ గురించి. మా పాపకు తెలిపే, తను సరేనన్నాకే రాస్తున్నాను. పేర్లు వేయకండి.

పదో తరగతిలో మా పాపకు 560 మార్కులు వచ్చాయి. కర్నూలులో హాస్టల్ ఉన్న ఒక ప్రైవేటు కాలేజీలో బైపీసీలో చేర్చాము. ఫీజుకు చీటీ పాడాము. అదీ చాలక నా గాజులు బ్యాంకులో పెట్టాము. పెట్టినందుకు నాకు బాధ లేదు. ఆ సంగతి ఫోన్ చేసినప్పుడల్లా పాపకు గుర్తు చేశాను చూడండి, అది తప్పు. "నీ కోసమే కదా తల్లీ" అని ప్రేమగానే అనేదాన్ని. పదహారేళ్ల పిల్ల దాన్ని బాకీగా లెక్క వేసుకుంటుందని నాకు తట్టలేదు.

ఆ కాలేజీలో పదిహేను రోజులకొక పరీక్ష. మార్కులను బట్టి సెక్షన్ మారుస్తారు. దసరా సెలవుల తర్వాత మా పాపను పై సెక్షన్ నుంచి దించారు. ఆ లిస్టు నోటీసు బోర్డులో అందరూ చూసేలా పెట్టారు. మాకు చెప్పలేదు. ఆదివారం ఐదు నిమిషాల ఫోన్‌లో "ఎన్ని వచ్చాయి?" అని నేను, "బాగానే వచ్చాయి" అని తను. అంతటితో ఫోన్ పెట్టేసేవాళ్లం. తిన్నావా అని అడిగేదాన్ని గానీ, జవాబు వినేదాన్ని కాదు.

నవంబరులో ఒక రాత్రి తొమ్మిది దాటాక తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. మా పాప రూమ్మేట్. ఎవరో డేస్కాలర్ పిల్ల రహస్యంగా తెచ్చుకున్న ఫోను అడిగి తీసుకుని చేసిందని తర్వాత తెలిసింది. గొంతు చిన్నగా పెట్టుకుని మాట్లాడింది. "ఆంటీ, రేపే రండి. సరిగ్గా తింటా లేదు. రాత్రిళ్లు లేచి కూర్చుంటా ఉంది. నేను లేకపోతే మా అమ్మ గాజులు మా అమ్మకే ఉంటాయి కదా అనింది. ఎవరికీ చెప్పద్దని నాతో ఒట్టు పెట్టించుకుంది ఆంటీ."

దానికి నేనేమన్నానో రాయాలంటే ఇప్పటికీ చెయ్యి ఆడదు. "చదువుకునే పిల్లవి, నీకెందుకమ్మా ఇవన్నీ? మా పాపకు లేనిపోనివి ఎక్కించద్దు" అన్నాను. ఆ పాప ఇంకేమీ అనలేదు. "మీరు మాత్రం రండి ఆంటీ" అని పెట్టేసింది.

కోపంగా పెట్టేశాను గానీ నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున నాలుగింటి బస్సు ఎక్కాను. గుత్తి దాటాక, డోన్ దాటాక కూడా నా మనసులో ఒకటే మాట: ఏమీ ఉండదు, ఊరికే భయపెట్టింటాది. విజిటింగ్ డే కాదని గేటు దగ్గర చాలాసేపు నిలబెట్టారు. పాప బయటికి వచ్చింది. జూన్‌లో నేను కుట్టిన చుడీదార్ నడుము దగ్గర రెండంగుళాలు వదులుగా వేలాడుతోంది. ఆ కొలతలు నా చేతికి తెలుసు. ఇక నాకు ఎవరూ ఏమీ చెప్పక్కరలేకపోయింది.

ఇంటికి తీసుకొచ్చాక మా వీధిలో ఉండే ఆశా కార్యకర్త 14416కు చేయమంది. టెలీ మానస్ అంటారు. 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు మొదలైంది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు. అవతల మాట్లాడిన ఆమె నన్ను తప్పుపట్టలేదు. "చచ్చిపోవాలని అనిపిస్తోందా అని పాపను నేరుగా అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు, అడిగితే బరువు దిగుతుంది" అని చెప్పింది. తలకు నూనె పెడుతూ అడిగాను. వెనక నుంచి అడిగాను కాబట్టి నా ముఖం తనకు కనబడలేదు, అదే మంచిదైంది. "అవును మా" అంది. చాలాసేపు ఏడ్చింది. ఆ రాత్రి నా పక్కనే పడుకుంది.

మర్నాడు సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లాము. ఇరుగుపొరుగు కొందరు "బయటికి తెలిస్తే కేసవుతుంది, పెళ్లి కాదు" అన్నారు. డాక్టరు గారిని అడిగితే, పాప ఏ ప్రయత్నమూ చేయలేదు, అసలు కేసు మాటే రాదన్నారు. ఒకవేళ ఎవరైనా ప్రయత్నం చేసినా, తీవ్రమైన ఒత్తిడిలో చేశారనే భావించాలి, శిక్షించకూడదు అని 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే ఉందట, 115వ సెక్షన్. పరీక్ష ముందు రెండు మూడు రోజులు టెన్షన్ అందరికీ ఉంటుంది, పరీక్ష అయిపోతే తగ్గిపోతుంది. నిద్ర, ఆకలి, నవ్వు, ఇష్టమైన పనుల మీద ఆసక్తి రెండు వారాలైనా తిరిగి రాకపోతే దాన్ని జబ్బుగా చూడాలి, వైద్యంతో తగ్గుతుంది అన్నారు. పాప వేషాలు వేస్తోందనో సోమరితనమనో అనుకునే మా ఆయన ఆ మాట విన్నాక బయట బెంచీ మీద కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు.

మా పాప సంగతి ఇంతవరకు. ఇప్పుడు ఫోన్ చేసిన ఆ పాప సంగతి.

మేము వచ్చేసిన వారానికే కాలేజీలో ఆ పిల్లను పిలిచి, దొంగఫోను వాడినందుకు అందరి ముందు తిట్టారు. "కాలేజీ పరువు తీశావు" అన్నారు. తోటి పిల్లలు "దాని దగ్గర ఏమీ చెప్పద్దు, చాడీలు చెప్తాది" అని మాట్లాడటం మానేశారు. మెస్సులో ఒక్కతే కూర్చుని తినేదట. మా పాప కూడా నెలన్నర ఆమె మీద కోపంగానే ఉంది, ఒట్టు తప్పిందని. ఒక ప్రాణం నిలబెట్టిన పిల్ల అందరికీ చెడ్డదైపోయింది. అందులో మొదటి మాట అన్నదాన్ని నేనే.

సంపాదకులు గారూ, మనం పిల్లలకు చిన్నప్పటి నుంచి నేర్పేది ఇదే. చాడీలు చెప్పకు. ఒట్టు తప్పకు. మంచి మాటలే గానీ, ఏ రహస్యం దాచాలో, ఏది పెద్దవాళ్ల చెవిన వేయాలో ఎవరూ చెప్పలేదు. ఎవరిని ఇష్టపడుతోందో, ఎవరింట్లో గొడవో, అవి దాచుకోవచ్చు. చచ్చిపోతాననే మాట, ఒంటిని గాయపరచుకునే సంగతి, ఎవరైనా చెయ్యి వేస్తున్నారనే సంగతి, ఇవి దాచకూడదు. "నువ్వు చెప్తే మన స్నేహం కట్" అని అవతలి పిల్ల బెదిరించినా సరే. కోపం తర్వాత పోతుంది, మా పాపకు పోయినట్టు. పదహారేళ్ల పిల్లలు తమ బాధ అమ్మానాన్నలకు చెప్పరు, పక్క మంచం పిల్లకు చెప్తారు. ఆ పక్క మంచం పిల్ల ఒక్కతే ఆ బరువు మోయాల్సి వస్తోంది.

2025 జులై 25న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసు. వాళ్ల నాన్న పోరాడితే వచ్చిన తీర్పు. అందులో 15 ఆదేశాలు ఉన్నాయి. 100 మంది, అంతకు పైగా పిల్లలున్న చోట శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలి. వీలైనంత వరకు మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడగొట్టకూడదు, అందరి ముందు అవమానించకూడదు. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో పెట్టాలి. మా పాప చదివిన చోట నవంబరు నాటికి వీటిలో ఒక్కటీ నా కంటికి కనబడలేదు. గోడల మీద ర్యాంకర్ల ఫోటోలున్నాయి. 14416 ఒక్క గోడ మీద కూడా లేదు. అది ఉండి ఉంటే, వార్డెన్ గదిలో భయం లేకుండా వాడుకునే ఒక ఫోను ఉండి ఉంటే, ఆ పాప దొంగచాటుగా చేయాల్సిన అవసరం వచ్చేదా?

మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. ఫలితాల రోజు మీ పత్రికలో వెబ్‌సైట్ అడ్రస్ ఎక్కడ వేస్తారో, ఆ పక్కనే అంతే పెద్ద అక్షరాలతో 14416 వేయండి. సప్లిమెంటరీ ఫీజు తేదీలు కూడా అక్కడే వేయండి. తప్పిన పిల్ల ముందు చూసేది ఆ పేజీనే. 18 ఏళ్ల లోపు పిల్లలకు 1098 కూడా ఉంది, అదీ వేయండి.

మా పాపను పరీక్షలకు నేనే వెంట తీసుకెళ్లి, కర్నూలులో చుట్టాలింట్లో ఉండి రాయించాను. ఫిజిక్స్ పోతుందేమో అంటోంది. పోతే మళ్లీ రాస్తాది. మందులు వాడుతోంది. రాత్రి పదింటికి నిద్రపోతోంది. పొద్దున ఉగ్గాని చేస్తే రెండోసారి వేయించుకుంటోంది.

సంక్రాంతి సెలవుల్లో ఆ పిల్ల ఊరికి వెళ్లాను, పత్తికొండ దగ్గర. మా పాపే వెంట వస్తానంది. ఆ పిల్ల అమ్మానాన్నలు మిరపకాయల కోతకు గుంటూరు వైపు వలసపోయారు. అవ్వ దగ్గర ఉంది. నేను కుట్టుకుని పోయిన చుడీదార్ ఇచ్చాను, ఆ రాత్రి ఫోన్‌లో అన్న మాటకు తప్పయిందమ్మా అన్నాను. చుడీదార్ తీసుకోవడానికి మొహమాటపడింది. పిల్లలిద్దరూ కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు, తర్వాత మేడ మీదికి వెళ్లి చీకటి పడేదాకా దిగలేదు.

బస్సుకు బయలుదేరేటప్పుడు ఆ పిల్ల నన్ను పక్కకు పిలిచి అడిగింది: "ఆంటీ, మా రూములోకి కొత్త అమ్మాయి వచ్చింది. తనూ సరిగ్గా నిద్రపోతా లేదు. ఈసారి చెప్పచ్చా, మళ్లీ తిడతారా?"

చెప్పు తల్లీ, నాకైనా చేయి అని నా నంబరు, 14416 ఆ పిల్ల నోటుబుక్కులో రాసిచ్చాను. కాలేజీ వాళ్లు ఏమంటారో మాత్రం ఆ పిల్లకు నేను చెప్పలేకపోయాను. మీ పత్రిక వాళ్లు వెళ్లి వాళ్లను అడగండి.

ఇట్లు,
ఒక తల్లి,
అనంతపురం.