వెన్ను నీటి ప్రెషర్ ఎంతో రాస్తే చాలదు, ఎలా పడుకోబెట్టి చూశారో కూడా రాయాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. నేను న్యూరాలజీ వార్డులో స్టాఫ్ నర్సుని. ఎల్‌పీ, అంటే వెన్నులోంచి నీరు తీసే పరీక్ష, దాని రిపోర్టుల్లో ఒక లోపం పదే పదే కనిపిస్తోంది, అందుకే ఈ ఉత్తరం. బయటి నుంచి మా దగ్గరికి వచ్చే కాగితాల మీద ‘ఓపెనింగ్ ప్రెషర్ 36’ అని ఉంటుంది, అంతే. సూది దిగగానే గొట్టంలో నీరు ఎన్ని సెంటీమీటర్ల ఎత్తుకి లేస్తుందో, అదే ఓపెనింగ్ ప్రెషర్. పేషెంటుని కూర్చోబెట్టి చూశారా, పక్కకి పడుకోబెట్టి చూశారా అన్నది ఎక్కడా ఉండదు. ఆ ఒక్క ముక్క లేకపోతే ఆ 36ని పట్టుకుని ఏమీ తేల్చలేం.

మెదడు చుట్టూ ఉండే నీరు, వెన్నుపాము చుట్టూ ఉండే నీరు ఒకటే. మనిషి కూర్చుంటే పైనున్న నీటి బరువు కూడా నడుములో ఉన్న సూది మీద పడుతుంది, మేడ మీద ట్యాంకు ఉంటే కింది కుళాయిలో నీళ్లు జోరుగా వచ్చినట్టు. ఏ జబ్బూ లేనివాళ్లకి కూడా కూర్చోబెట్టి చూస్తే 35, 40 సెంటీమీటర్లు రావడం మామూలే. అదే మనిషిని పక్కకి పడుకోబెడితే తల, నడుము ఒకే మట్టానికి వస్తాయి, అప్పుడు పెద్దవాళ్లలో చాలామందికి 10 నుంచి 20 లోపే ఉంటుంది, 25 దాటితేనే ఎక్కువ అంటారు. ఆ 25 అనే గీత పడుకోబెట్టి చూసిన లెక్కకే గీసింది. కూర్చోబెట్టి చూసిన అంకెలోంచి ఇంత తీసేస్తే సరిపోతుంది అనడానికీ లేదు, మనిషి మనిషికీ మారుతుంది.

దీనివల్ల ఎక్కువగా ఇబ్బంది పడేది వయసులో ఉన్న ఆడపిల్లలు. ఈమధ్యే బరువు పెరిగి, తలనొప్పితో, లేచి నిలబడితే ఒక్క క్షణం కళ్లు మసకేస్తున్నాయని వస్తారు. కంటి నరం వాచి, స్కానింగ్‌లో గడ్డలేమీ లేకపోతే ఇక తేల్చాల్సింది ఈ ప్రెషరే. లేని ప్రెషర్ ఉందనుకుంటే వేళ్లు తిమ్మిరెక్కే మాత్రలు నెలల తరబడి మింగాలి. ఉన్నది లేదనుకుంటే చూపు పోతుంది, పోయిన చూపు తిరిగి వస్తుందన్న భరోసా లేదు. అందుకే ఇది చిన్న విషయం కాదంటున్నాను.

లావుగా ఉన్నవాళ్లకి పడుకోబెట్టి సూది వేయడం కష్టం, ఆ సంగతి నాకూ తెలుసు. కూర్చోబెట్టి సూది వేయండి, తప్పేం లేదు, కానీ సూది లోపల ఉండే సన్నని తీగ మళ్లీ పెట్టేసి, ఇద్దరం పట్టుకుని మెల్లగా పక్కకి ఒరిగించి, ఆ తర్వాతే కొలవాలి. కడుపులోకి ముడిచిన మోకాళ్లని కాస్త వదులు చేయాలి, గడ్డం ఛాతీకి నొక్కి ఉంటే తల సరిచేయాలి. భయంతో ఊపిరి బిగబట్టినా, ఏడ్చినా, దగ్గినా గొట్టంలో నీరు చటుక్కున పైకి ఎగురుతుంది, కళ్లెదురుగా కనిపిస్తుంది. అప్పుడు చూసి రాసేయకూడదు. “అమ్మా, గాలి మామూలుగా పీల్చుకో, ఏం కాదు” అంటూ భుజం మీద చెయ్యేసి కాసేపు ఆగితే నీరు దిగి ఒకచోట నిలుస్తుంది, ఊపిరితో పాటు సన్నగా పైకీ కిందికీ ఆడుతూ ఉంటుంది. రాయాల్సింది ఆ అంకె, అదీ శాంపిల్ సీసాల్లోకి నీరు పట్టకముందు. మానోమీటర్, అంటే ప్రెషర్ కొలిచే ఆ గీతల గొట్టం, లేనిచోట సెలైన్ గొట్టాన్ని నిలబెట్టి స్కేలుతో కొలుస్తారు, అప్పుడు కూడా స్కేలు సున్నా సూది మట్టంలోనే ఉండాలి.

వెన్నులో సూది అనగానే నడుం పడిపోతుందని ఇంట్లోవాళ్లు వణికిపోతారు. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము పైభాగంలోనే ఆగిపోతుంది, సూది వేసేది దానికి కింద. ఈ మాట ముందే నెమ్మదిగా చెబితే సగం టెన్షన్ తగ్గుతుంది, ప్రెషర్ కూడా సరిగ్గా తెలుస్తుంది.

డాక్టర్లకి, ఆస్పత్రుల వాళ్లకి నా విన్నపం ఒక్కటే. కేస్ షీట్‌లో, డిశ్చార్జ్ సమ్మరీలో ఇంకొక్క లైను రాయండి: పక్కకి పడుకోబెట్టి, కాళ్లు వదులు చేసి, శాంపిల్ తీయకముందు చూశాం అని. పిల్లలకి మత్తిచ్చి చేస్తే అదీ రాయండి, మత్తులో ఊపిరి నెమ్మదించి ప్రెషర్ పెరగొచ్చు, పైగా పిల్లలకి గీత 28 దాకా ఉంటుంది. పేషెంట్ల తరఫు వాళ్లు కూడా మొహమాటపడకుండా అడగండి, “కూర్చోబెట్టి చూశారా సార్, పడుకోబెట్టి చూశారా?” అని. ఆ జవాబు రిపోర్టు మీదే రాయించుకుని, వేరే ఆస్పత్రికి వెళ్లినప్పుడు ఆ కాగితం వెంట తీసుకెళ్లండి.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు, వరంగల్