2025-26 వార్షిక నివేదిక: ఈ ఏడాదంతా ఓవర్‌టైమ్ గొడవే

సభ్యులందరికీ నమస్కారం. రక్తదానం, కాలవ గట్టున మొక్కలు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు ఆఫీసు గోడకి అంటించాం, చూసుకోండి. ఈసారి బుర్ర తినేసింది మాత్రం ఓవర్‌టైమే.

నవంబరు 21న పాత కార్మిక చట్టాల్ని కలిపి చేసిన నాలుగు లేబర్ కోడ్‌లూ అమల్లోకి వచ్చాయనగానే బట్టల కొట్లవాళ్లు, రైసు మిల్లులవాళ్లు, రొయ్యల షెడ్లవాళ్లు, చివరికి ట్రస్టు ఆసుపత్రి పెద్దలు కూడా ఒకటే అడిగారు, "మనది చిన్నది కదండీ, మనకీ ఉంటుందా?" అని. ఉంటుంది. వాటిలో జీతాల సంగతి చూసే వేతనాల కోడ్‌కి ఇంతమంది పనివాళ్లుంటేనే అన్న హద్దు లేదు. మామూలు గంటలు దాటితే రెట్టింపు జీతం. పాత 1948 ఫ్యాక్టరీల చట్టంలోనూ ఇదే ఉండేది, అయినా మీటింగులో సగంమంది కొత్తగా విన్నట్టు మొహం పెట్టారు!

సంక్రాంతి ముందు అర్ధరాత్రి దాకా కొట్టు తీసి ఉంచి, కుర్రాళ్లకి టిఫినూ, పండక్కి ఓ జత బట్టలూ ఇచ్చి చెల్లు అనుకుంటాం. కుదరదు, అది పండగ మామూలు, ఇది జీతం. "నాకొద్దులెండి" అని కుర్రాడు సంతకం పెట్టిచ్చినా చట్టం ముందు ఆ కాగితం చెల్లదు.

లెక్క ఇదిగో. నెలకి 13,000 అనుకుంటే 26 రోజులకి పంచితే రోజుకి 500, ఎనిమిది గంటలకి పంచితే గంటకి 62.50, ఓవర్‌టైమ్ గంటకి 125. జీతం తక్కువ చూపించి మిగతాదంతా అలవెన్సుల కింద రాస్తే తగ్గుతుంది కదా అని ఒకాయన అడిగారు. కొత్త కోడ్‌లో అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటినంతా మళ్లీ జీతంలోనే కలుస్తుంది. ఆ దారి మూసేశారన్నమాట.

ట్రస్టులవాళ్లది వేరే మాట, "మాది సేవ" అని. ఊరికే వచ్చి చేసేవాళ్లు వేరు, నెలజీతం మీదున్న నర్సు వేరు. సేవాసంస్థలైనా కార్మిక తగాదాల చట్టం లెక్కలో పరిశ్రమ కిందకి రావచ్చని 1978లోనే బెంగళూరు వాటర్ సప్లై కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ నాలుగింట్లో ఒకటైన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఇప్పుడు సేవాసంస్థల్ని పరిశ్రమ లెక్కలోంచి తీసేసింది, నిజమే, కానీ అది యజమానికీ పనివాళ్లకీ మధ్య తగాదాల వ్యవహారం, జీతాల సంగతి వేతనాల కోడ్‌ది. దాన్ని చూపించి జీతం ఎగ్గొట్టడం మంచిది కాదని కార్యవర్గం అభిప్రాయం.

అసలు చిక్కు రొయ్యల పట్టుబడి రోజుల్లో, లోడు ఎప్పుడొస్తుందో తెలీదు, ఎవరు ఎన్ని గంటలు నిలబడ్డారో రాసేవాడుండడు. అందుకే దాళ్వా (రబీ వరి) కోతల్లోపు ప్రతి సభ్యుడూ వచ్చిన టైము, వెళ్లిన టైము రాసే పుస్తకం పెట్టాలని తీర్మానించాం. గీతలు గీయించిన పుస్తకాలు ఆఫీసులో ఉన్నాయి, అచ్చుఖర్చు ఇచ్చి తీసుకెళ్లండి.