మందు డబ్బా మీద ఆ అంకె పెద్దగా వేయించండి

సంపాదకులు గారికి నమస్కారం.

తెగులు మందు పనిచేయలేదన్న వార్త వచ్చినప్పుడల్లా నకిలీ మందనో, వాన పడి కొట్టుకుపోయిందనో, డోసు చాల్లేదనో అనుకుని వదిలేస్తున్నాం. నకిలీలు లేవని నేననను. కానీ అసలైన మందే, సరైన పాళ్లలో, సరైన సమయానికి కొట్టినా తెగులు తగ్గకపోవడానికి ఇంకో కారణం ఉంది, తెగులు తెచ్చే శిలీంద్రమే (బూజు లాంటి జీవి) మందును తట్టుకునేలా మారిపోవడం. దాని గురించి పేపర్లలో చాలా తక్కువ వస్తోందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

కిందటి పంటలో మా కీరదోసకు బూడిద తెగులు వచ్చింది. మందు కొట్టిన వారానికే ఆకుల మీద మళ్లీ తెల్లటి పొడి, వేలితో రాస్తే అంటుకుంటోంది. మందు మార్చాను. తగ్గలేదు. మళ్లీ మార్చాను. చివరికి మూడు డబ్బాలూ బల్ల మీద వరసగా పెట్టి భూతద్దంతో చదివితే ఒకటి అజాక్సీస్ట్రోబిన్, ఒకటి పైరాక్లోస్ట్రోబిన్, ఇంకొకటి ట్రైఫ్లాక్సీస్ట్రోబిన్. కంపెనీలు వేరు, డబ్బాల రంగులు వేరు, కానీ మూడూ ఒకే గ్రూపువి, గ్రూపు 11. శిలీంద్రాన్ని ఒకే చోట దెబ్బతీసే మందులన్నిటికీ ఒకే గ్రూపు అంకె ఇస్తారు. అంటే నేను మార్చింది పేరునే తప్ప మందును కాదు. ఆ 11 అనే అంకె ఒక డబ్బా మీద చీమ తలకాయంత ఉంది, మిగతా రెండింటి మీద ఎంత వెతికినా కనపడలేదు.

ఈ గ్రూపు మందులన్నీ శిలీంద్రం కణాల్లో శక్తిని తయారుచేసే సైటోక్రోమ్ బి అనే ఒకే ఒక్క ప్రోటీన్‌ను పట్టుకుని ఆపేస్తాయి. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాలనే పూసలు గుచ్చిన దండ లాంటిది, ఇందులో 143వ స్థానంలో గ్లైసిన్ అనే పూస ఉంటుంది. దాన్ని తయారుచేయించే జన్యువులో ఒక్క డీఎన్‌ఏ అక్షరం, జి పోయి సి వచ్చిందంటే అక్కడ అలనిన్ అనే వేరే పూస వచ్చి కూర్చుంటుంది, ఇక మందు అక్కడ పట్టదు, శిలీంద్రం మాత్రం హాయిగా బతికేస్తుంది. ఈ మార్పును మందు పుట్టించదు. కోట్ల బీజాల్లో ఎక్కడో ఒకదానిలో అది దానంతటదే జరుగుతుంది, మందు చేసేదల్లా మిగతావాటిని చంపేసి పొలమంతా దానికి అప్పగించడం. ఈ మందులు 1996లో మార్కెట్లోకి వచ్చాయి, 1998కల్లా ఉత్తర జర్మనీలో గోధుమ బూడిద తెగులు వాటికి లొంగడం మానేసింది. రెండేళ్లు! ఇలాంటప్పుడు డోసు పెంచితే డబ్బు దండగ తప్ప ఏమీ ఒరగదు.

తుప్పు తెగుళ్ల కథ వేరు, అది చదివినప్పుడు నాకు నిజంగా ఆశ్చర్యమేసింది. వాటి జన్యువులో సరిగ్గా ఆ 143వ స్థానం పక్కనే కత్తిరించి తీసేయాల్సిన ఒక ముక్క, ఇంట్రాన్, ఉంటుంది. అక్కడ అక్షరం మారితే ఆ కత్తిరింపే కుదరక శిలీంద్రానికే ప్రాణాంతకమవుతుంది. అందుకే ఆ దారి వాటికి మూసుకుపోయింది.

అజోల్ మందులకు, అంటే గ్రూపు 3కి, ఎదురయ్యేది ఇంకో రకం. అక్కడ, ఆ మందులు పట్టుకునే ఎంజైమ్‌ను తయారుచేయించే సిప్51 అనే జన్యువులో మార్పులు మెట్లు మెట్లుగా పేరుకుంటాయి, కొన్ని శిలీంద్రాలు ఆ ఎంజైమ్‌నే ఎక్కువగా తయారుచేస్తాయి, కొన్ని మందును పంపులతో బయటికి తోసేస్తాయి. మందు ఏటికేడు కొంచెం కొంచెంగా పట్టు తప్పుతుంది కాబట్టి మనకు తెలియను కూడా తెలియదు. గంధకం, రాగి మందులు శిలీంద్రాన్ని ఒకేసారి చాలా చోట్ల దెబ్బతీస్తాయి, అందుకే దశాబ్దాలుగా వాడుతున్నా వాటికి ఈ బాధ పెద్దగా లేదు.

ఇది ఒక్క రైతుల టెన్షన్ అనుకుంటే పొరపాటు. కుళ్లే ఆకుల్లో, కంపోస్టులో పెరిగే ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్ అనే బూజు పంటకు తెగులు తేదు, కానీ పంటల మీద కొట్టిన అజోల్స్ దానికీ తగులుతాయి. వాటిని తట్టుకునేలా మారిన ఆ బూజు రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ల ఊపిరితిత్తుల్లోకి చేరితే, ఆస్పత్రిలో ఇచ్చే మందులూ అజోల్స్ కుటుంబానివే కాబట్టి అవి పనిచేయవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాదకర శిలీంద్రాల జాబితా వేస్తే అందులో అన్నిటికంటే పై వర్గంలో పెట్టినవాటిలో ఇదొకటి.

అందుకే అడుగుతున్నాను, మందుకు అనుమతి ఇచ్చేవాళ్లు ఆ గ్రూపు అంకెను డబ్బా ముందువైపు, బండి నంబరు ప్లేటులా దూరం నుంచే కనపడేలా వేయాలని నిబంధన పెట్టాలి. రెండు మందులు కలిపిన డబ్బాల మీద రెండు అంకెలూ ఉండాలి, లేకపోతే 11, 3 కలిపిన మందు కొట్టి, తర్వాత విడిగా 11 కొట్టి, మార్చామనుకునే నాలాంటి వాళ్లు ఇంకా ఉంటారు. ఇంకో మాట, ఆ 143వ మార్పును ఆకు నమూనాలోంచి పీసీఆర్ అనే డీఎన్‌ఏ పరీక్షతో పట్టుకోవచ్చు, అదేమీ కొత్త విద్య కాదు. అయినా నా ఆకును పరీక్ష చేయించుకునే దారి నాకు దొరకలేదు. అలాంటి పరీక్షలు అందుబాటులోకి తెచ్చి, ఏ పంటలో ఏ మందు ఇక పట్టడం లేదో సీజన్ మొదలవకముందే అందరికీ చెప్పాలి.

మీరు చేయగలిగిందీ ఒకటుంది. మీ సాగు పేజీలో ఫలానా తెగులుకు ఫలానా మందు కొట్టండని రాసేటప్పుడు, మందు పేరు పక్కనే దాని గ్రూపు అంకె కూడా అచ్చువేయండి.

ఇట్లు,
కీరదోస పండించే ఒక పాఠకురాలు