డాలరు రేటు పేపర్లో ఒకటి, బ్యాంకులో ఒకటి

సంపాదకులకు,

రూపాయి పడినప్పుడల్లా మీరు మొదటి పేజీలో వేస్తున్నారు. ముడిచమురు ధర, విదేశీ మదుపరుల అమ్మకాలు, అమెరికా వడ్డీ రేట్లు అంటూ కారణాలు కూడా రాస్తున్నారు. బాగానే ఉంది. కానీ మీరు వేసే ఆ రేటుకు మాలాంటివాళ్లకు ఏ బ్యాంకులోనూ డాలరు దొరకదు. అది బ్యాంకులు తమలో తాము కొనుక్కునే రేటు. మా అమ్మాయి అమెరికాలో ఎమ్మెస్ చదువుతోంది. ఫీజు పంపాలని ఏ2 ఫారం (విదేశాలకు డబ్బు పంపే దరఖాస్తు) నింపి ఇస్తే మాకు పడేది టీటీ సెల్లింగ్ రేటు, అంటే విదేశానికి డబ్బు పంపేవాళ్లకు బ్యాంకు డాలరు అమ్మే రేటు. రెండింటికీ తేడా ఎంతో రసీదులో ఎక్కడా ఉండదు. అడిగితే ‘పైనుంచి వచ్చిన రేటు సార్’ అంటారు.

మార్కెట్లో డాలరు 90 రూపాయలున్న రోజు బ్యాంకు 91.50 వేసిందనుకుందాం. పదివేల డాలర్ల ఫీజు మీద ఆ రూపాయిన్నరే 15,000 అవుతుంది. ఇదే లావాదేవీకి పడే జీఎస్టీ 900 పైచిలుకు. రసీదులో జీఎస్టీ పైసలతో సహా ఉంటుంది, పదిహేను వేలు మాత్రం కనపడదు. సొంత డబ్బు ఏడాదికి 10 లక్షలు దాటి పంపితే టీసీఎస్ అని ముందుగానే పన్ను పట్టుకుంటున్నారని అందరం గగ్గోలు పెడతాం. నిజానికి అది ఆదాయపన్ను రిటర్ను వేసినప్పుడు సర్దుబాటవుతుంది. రేటులో పోయింది ఎవరిస్తారు?

ప్రభుత్వమే డాలరు రేటు నిర్ణయించిన పాత రోజులే నయమని నేననను. 1966 జూన్ 6న ప్రభుత్వం డాలరును ఒక్క దెబ్బకు 4.76 నుంచి 7.50 రూపాయలకు తీసుకెళ్లింది. 1991 జూలైలో మూడు రోజుల్లో రెండుసార్లు రూపాయి విలువ తగ్గించాల్సి వచ్చింది. రేటును బిగబట్టి కూర్చుంటే అయ్యేది అదే. 1993లో మార్కెట్‌కు వదలడం మంచి పనే. కాకపోతే మార్కెట్ రేటు అన్నాక, ఆ మార్కెట్ కొనేవాడికి కూడా కనపడాలి కదా!

ఆ ఏర్పాటు కాగితం మీద ఉంది. 2019లో బ్యాంకుల మధ్య లావాదేవీలను పరిష్కరించే క్లియరింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ‘ఎఫ్ఎక్స్-రిటైల్’ అనే ఆన్‌లైన్ వేదికను మొదలుపెట్టింది. మామూలు ఖాతాదారు కూడా తన బ్యాంకు ద్వారా అందులో నమోదై మార్కెట్ రేటుకే డాలర్లు కొనొచ్చు. బ్యాంకు తన రుసుము ఎంతో విడిగా, ముందుగానే చెప్పాలి. మా ఊళ్లో నేను అడిగిన బ్రాంచీల్లో ఆ పేరు విన్నవాళ్లే కనపడలేదు. పెద్ద వ్యాపారి వస్తే మేనేజరే ట్రెజరీకి (బ్యాంకులో డాలర్ల కొనుగోళ్లు, అమ్మకాలు చూసే విభాగానికి) ఫోన్ చేసి రేటు తగ్గించి ఇప్పిస్తాడు. పొలం కుదువపెట్టి పిల్లను పంపినవాడికి మాత్రం కార్డు రేటే, అంటే బ్యాంకు ఆ రోజుకు అందరికీ ప్రకటించిన రేటే. బ్యాంకును లాభం తీసుకోవద్దనడం లేదు, ఎంత తీసుకుంటోందో చెప్పమంటున్నాను.

మా జగిత్యాల వైపు ఇంకో లెక్క ఉంది. ఇక్కడ అమెరికా పోయినవాళ్ల కంటే దుబాయ్, సౌదీ పోయినవాళ్లే ఎక్కువ. దిర్హామ్, రియాల్ రెండూ డాలరుకు ముడిపడి దశాబ్దాలైంది: డాలరుకు 3.6725 దిర్హామ్‌లు, 3.75 రియాళ్లు. కాబట్టి డాలరు రేటును ఆ అంకెతో భాగిస్తే అసలు రేటు వచ్చేస్తుంది. డాలరు 90 అయితే దిర్హామ్ 24.50, రియాల్ 24. అక్కడ ఇంటికి డబ్బు పంపే కౌంటర్ మీద ‘ఫీజు లేదు’ అని బోర్డు పెట్టి దిర్హామ్‌కు 24.20 ఇచ్చారంటే, వెయ్యి దిర్హామ్‌లకు 300 రూపాయలు అక్కడే ఆగిపోయినట్టు. పొద్దంతా ఎండలో పనిచేసి సాయంత్రం లైన్లో నిలబడ్డ మనిషికి ఈ భాగహారం చెప్పేవాళ్లెవరు? ‘రూపాయి పడింది, గల్ఫ్ వాళ్లకు పండగ’ అని రాసేటప్పుడు పత్రికలు కూడా దీన్ని పట్టించుకోవడం లేదు.

డబ్బు పంపిన సమయానికి మార్కెట్ రేటెంత, బ్యాంకు వేసిన రేటెంత, తేడా ఎన్ని రూపాయలు అన్నది ప్రతి రసీదు మీదా అచ్చువేయాలని రిజర్వు బ్యాంకు ఆదేశించాలి. అది వచ్చేదాకా మీ పత్రిక ఒక పని చేయొచ్చు. పెద్ద బ్యాంకులు తమ కార్డు రేట్లను వెబ్‌సైట్లలో పెడుతున్నాయి. వారానికోసారి వాటిలో నాలుగైదింటి టీటీ సెల్లింగ్ రేట్లు, వాటి కిందే దిర్హామ్, రియాల్, కువైట్ దినార్ అసలు రేట్లు వేయండి. బంగారం ధర రోజూ వేస్తున్నారు కదా, దాని పక్కన రెండంగుళాల చోటు చాలు.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి,
జగిత్యాల